వీపు మీద మూడు రోజులు

నేను ఫెంటానిల్ ప్యాచ్‌ని. పలుచటి ప్లాస్టిక్ పొర, ఒకవైపు జిగురు, అంతే నా ఒళ్లు. నాలోని మందును 1960లో బెల్జియంలో పాల్ జాన్సెన్ తయారుచేశాడు. మార్ఫిన్ కంటే 50 నుంచి 100 రెట్లు బలమైనది.

నా కొలువు ఒక పెద్దాయన వీపు మీద. క్యాన్సర్ వెన్నెముకకు పాకింది. కొన్నాళ్లుగా మార్ఫిన్ వాడుతున్న మనిషి, ఇప్పుడు మాత్రలు గొంతు దిగడం లేదు. "మామయ్యా, కాస్త ఇటు తిరగండి" అంటూ కోడలు తడిగుడ్డతో వీపు తుడిచి, ఆరనిచ్చి, నన్ను అంటించి అరచేత్తో అదిమి పట్టింది. పెన్నుతో నా మీద తేదీ వేసింది. మొదటి రాత్రి ఆయన మూలుగుతూనే ఉన్నాడు. నేను చర్మంలోంచి నెత్తురులోకి దిగడానికి పూట పైనే పడుతుంది మరి. మర్నాడు గ్లాసుడు మజ్జిగ తాగి, మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పాడు. నా బతుక్కి ఆ పూట చాలు.

మూడు రోజులు కొద్దికొద్దిగా ఇవ్వాల్సిన ఈ మందును మత్తు కోసం ఒక్కసారిగా నమిలేసేవాళ్లున్నారు. ఊపిరి ఆడించే మెదడు భాగం మొద్దుబారిపోతుంది. కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది, పెదాలు నీలం తిరుగుతాయి, గొంతులో గురక మొదలవుతుంది. పక్కనున్నవాళ్లు నిద్రపోతున్నాడనుకుని దుప్పటి కప్పుతారు! సకాలంలో విరుగుడు మందు నాలోక్సోన్ ఇస్తే ఊపిరి తిరిగి రావచ్చు. కానీ దాని పట్టు నా పట్టు కన్నా ముందే సడలుతుంది. లేచి కూర్చున్నవాణ్ని కూడా ఆసుపత్రిలో కనిపెట్టుకుని ఉండాల్సిందే.

2022లో అమెరికాలో ఫెంటానిల్ జాతి మందులకు బలైనవాళ్లు 70,000 పైమాటే. చాలామందిని చంపింది దొంగచాటుగా తయారై నకిలీ మాత్రల్లో చేరిన ఫెంటానిల్. నింద మాత్రం మా అందరి మీదా పడింది. మన దేశంలో 1985 నాటి మత్తుమందుల నియంత్రణ చట్టానికి (ఎన్‌డీపీఎస్) జడిసి ఎన్నో ఆసుపత్రులు మార్ఫిన్ తెప్పించడమే మానేశాయి. క్యాన్సర్ రోగులు నొప్పితో అరుస్తూనే పోయారు. 2014 సవరణతో ఆ ముడి కొంత సడలింది. మత్తుకు నన్ను వాడే ప్రతివాడూ దాన్ని మళ్లీ బిగిస్తున్నాడు, ఈ పెద్దాయన లాంటివాళ్ల నోటి దగ్గరి మందు లాక్కుంటున్నాడు.

ఇవాళ 72 గంటలు నిండాయి. కొడుకు నన్ను పీకి, కొత్త ప్యాచ్ ఛాతీ మీద అంటించి, నన్ను మంచం కింది చెత్తబుట్టలోకి విసిరాడు. జిగురు వైపు పైకే ఉంది. అయిపోయిందనుకున్నాడు. నాలో ఇంకా సగానికి పైగా మందు మిగిలి ఉండొచ్చు. పెద్దాయనకు ఊరటనిచ్చిన ఈ మందే పసివాడి ఊపిరి ఆపేస్తుంది. ఇలా ప్యాచ్ అంటుకునో, నోట్లో పెట్టుకునో ప్రమాదానికి గురైన 26 మంది పిల్లల సంగతి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2012లో బయటపెట్టింది. పదిమంది చనిపోయారు. ఆ 26 మందిలో 16 మంది రెండేళ్లు, అంతకన్నా తక్కువ వయసువాళ్లు.

ఈ ఇంటి మనవడు ఇప్పుడిప్పుడే నడక నేర్చాడు. బుట్ట వాడి చేతికందే ఎత్తులోనే ఉంది. అమ్మా, వాడు నిద్రలేవకముందే వచ్చి నన్ను తియ్యి. జిగురు వైపు లోపలికి మడిచి, టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలెయ్యి. చేతులు కడుక్కో.