నవ్వినందుకు పది శాతం

కాలనీ మలుపులో కొత్త బ్రాసరీ తెరిచారు, ఫ్రెంచి తరహా రెస్టారెంటన్నమాట. ఆదరణకు పెట్టింది పేరట!

గుమ్మంలోనే నమస్తే. కుర్చీ జరిపి కూర్చోబెట్టారు. పిల్లాడి బుగ్గ గిల్లారు.

మంచినీళ్లడిగితే ‘బాటిలే కదా సార్?’ అన్నారు. మామూలు నీళ్లనగానే చిరునవ్వు కాస్తా మాయం.

ఫ్రాన్సు బ్రాసరీలో అయితే జగ్గుడు మామూలు నీళ్లు ఊరికే ఇవ్వాలి. సర్వీసు ఖర్చు ధరలోనే కలిసి ఉంటుంది. మనవాళ్లు అక్కణ్నుంచి పేరూ, పేము కుర్చీలూ తెచ్చుకున్నారు. జగ్గు ఇంకా కస్టమ్స్‌లోనే ఉన్నట్టుంది.

సరే, ఉల్లిపాయ సూప్ తాగాం. పైన మాడిన చీజు, కింద నానిన రొట్టె. బిల్లొచ్చింది.

జీఎస్టీ అయిదు శాతం. సర్కారు వాటా, కాదనలేం.
సర్వీస్ చార్జి పది శాతం. ఇదెవరి వాటా?

బిల్లులో దీన్ని బలవంతంగా కలపొద్దని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4నే చెప్పింది. వేరే పేరు పెట్టినా కుదరదంది. 2025 మార్చి 28న ఢిల్లీ హైకోర్టూ ఔనంది.

అడిగితే తీసేస్తారు, పాపం. కాకపోతే మేనేజర్ రావాలి. ఆయన వచ్చేలోగా పక్క టేబుళ్ల తలలన్నీ ఇటు తిరుగుతాయి. ఇంటావిడ టేబులు కింద కాలు తొక్కుతుంది: ‘ఊరుకోండి, పరువు పోతుంది.’

పరువు ఖరీదు సరిగ్గా పది శాతమని లెక్కగట్టినవాడు మామూలోడు కాదు.

చివరికి మేనేజర్ వచ్చాడు. అదే నవ్వు.

‘చార్జి తీసేశాం సార్. టిప్పు ఎంత వేసుకోమంటారు?’