నా లోపల ఏమీ ఉండదు

నా పేరు స్పేసర్. ఈ ఇంట్లో ఆ పేరు ఎవరి నోటా వినపడదు. పెద్దావిడకి నేను 'డొక్కు', మనవడికి 'నానమ్మ బూర'. పేరూ ఖరీదూ అన్నీ ఇన్‌హేలర్‌వే. నేనొట్టి ప్లాస్టిక్ గొట్టాన్ని. లోపలున్న ఖాళీయే నా ఉద్యోగం.

ఇన్‌హేలర్ నొక్కితే మందు వడిసెల రాయిలా దూసుకొస్తుంది. నేరుగా నోట్లోకి కొట్టుకుంటే చాలావరకు గొంతుకే అంటుకుపోతుంది. నాలోకి కొడితే ఆ దూకుడు తగ్గుతుంది. పెద్ద తుంపరలు నా గోడలకి పట్టేస్తాయి, సన్నటివి ఊపిరితిత్తులదాకా పోతాయి. నొక్కడం, పీల్చడం ఒక్కసారిగా కుదరనివాళ్లకి నేనే దిక్కు.

నన్ను గుంటూరులో ఓ మందుల షాపులో కొన్నారు. ఆవిడది పల్నాడు. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ కందికంప, పత్తికట్టెల మీదే వంట. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం వచ్చాక ఇంట్లోకి గ్యాస్ వచ్చింది. వచ్చినా సిలిండర్ అయిపోతుందని టీ వరకే దాన్ని వాడేది. అన్నం, వేణ్ణీళ్లు కట్టెల పొయ్యి మీదే. ఆ పొగకి దగ్గు పట్టుకున్నా, చుట్టా బీడీ ముట్టని మనిషి కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. చేనికి పోతూ దారిలో రెండుచోట్ల కూలబడుతుంటే వయసు మీదపడిందనుకున్నారు. చివరికి డాక్టరు గొట్టంలో ఊదించాడు. మొదటి సెకనులో వదిలిన గాలిని మొత్తం వదిలిన గాలితో భాగించి చూస్తారు. మందు పీల్పించాక కూడా అది 0.7 దాటలేదు. 'సీఓపీడీ' అని రాశాడు, గాలిదారులు ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బు. "పూర్తిగా పోయేది కాదమ్మా, అదుపులో పెట్టుకోవచ్చు" అన్నాడు.

కొడుకు ఉద్యోగం హైదరాబాదులో. మొదట్లో అతని హడావిడి చూస్తే నాకు జాలీ వేసేది, చిరాకూ పుట్టేది. వేలికి తగిలించే ఆక్సిమీటర్ పంపాడు. పొద్దస్తమానం ఫోను: "ఎంతుందమ్మా?" చీపురు పట్టొద్దు, మంచం దిగొద్దు. డాక్టరేమో రోజూ నడవమన్నాడు. నడక మానితే కాళ్లలో కండ కరిగి, అంతే పనికి మరింత ఆయాసం వస్తుంది. ఆ మాట అతని చెవికెక్కలేదు, భయం అంత పెద్దది మరి. ఇక్కడ ఆవిడేమో పక్కింటావిడ మాట విని నన్ను గూట్లో పడేసింది. "గాలిమందు అలవాటైతే జన్మలో మానలేవంట!" ఫోనులో మాత్రం, "వేసుకున్నాన్రా." ఆ అబద్ధానికి సాక్షి నా మీది దుమ్ము.

సంక్రాంతికి వచ్చాడు. "ఏదీ, నా ముందు పీల్చు" అన్నాడు. ఆవిడ టపటపా రెండుసార్లు నొక్కి, ముక్కుతో పీల్చింది. అరుస్తాడనుకున్నాను. అరవలేదు, మంచమ్మీద పక్కనే కూచున్నాడు.

"బాగా ఊపి ఒక్కసారే నొక్కమ్మా. ఇప్పుడు నోటితో, మెల్లగా. ఆపు... ఒకటి, రెండు..."

"పది దాకా అంటివి, ఇంత సాగదీస్తావేందిరా! చంపుతావా?"

నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక మళ్లీ. చేతిలో ఏమీ లేకుండానే తనూ ఆమెతోపాటు పీల్చి, బిగబట్టాడు. అతని చెవులు ఎర్రబడటం ఆవిడా చూసింది, నేనూ చూశాను.

పేచీ వచ్చింది నన్ను కడగడం దగ్గర. ఆవిడ పీచుపెట్టి తోమి, కొంగుతో తళతళలాడేలా తుడిచింది. పొడిగుడ్డతో రుద్దితే నా గోడల్లో స్థిరవిద్యుత్తు పుట్టి మందుని లాగేసుకుంటాను. సబ్బునీళ్లలో ఆడించి, తుడవకుండా ఆరబెట్టాలి. "తుడవకపోతే కడిగినట్టెట్టరా?" ఇది ఆమెకి ఇప్పటికీ మింగుడుపడదు. వారానికోసారి నన్ను గిన్నెలకి దూరంగా బోర్లిస్తుంది, సగం కడిగిన వస్తువని.

కట్టెలపొయ్యి ఆపించడానికి వాటర్ హీటర్ కొన్నాడు. కరెంటు బిల్లు మీద పోట్లాట నడుస్తూనే ఉంది. ఫోనులో అంకె అడగటం మాత్రం తగ్గింది. "ఇయ్యాల ఎందాకా నడిచావు?" అంటాడు. "చెరువుగట్టు దాకా. మధ్యలో ఒకచోట ఆగా." ఈ జవాబులో అబద్ధం లేదు, ఆ ఆగినచోట సంచీలో నేనూ ఉన్నాను.

మొన్నొక పెళ్లికి పోతూ పట్టుచీర మడతల మధ్య పెట్టి తీసుకెళ్లింది. భోజనాలయ్యాక అందరిముందే తీసి పీల్చింది. మాకు మర్యాదా మొహమాటమూ లేవు. పక్క కుర్చీలో ఆమె తమ్ముడి భార్య దగ్గుతూనే వింతగా చూసింది.

"ఏంది వదినా అది, బూరా?"

"బూర కాదు, డొక్కు. ఎన్నాళ్లుగా దగ్గుతున్నావే నువ్వు? మీ ఇంట్లో ఇంకా కంపేగా మంట? సోమారం నాతో గుంటూరు రా, గొట్టంలో ఊదించుకుందువు."