కడ్డీ బూట్ల ఆత్మకథ

రెండు చిన్న బూట్లు, వాటిని కలిపే ఒక కడ్డీ, బిగించే పట్టీలు. ఇదే నా ఒళ్లు. ఆసుపత్రిలో నన్ను బ్రేస్ అంటారు, ఇళ్లలో కడ్డీ బూట్లంటారు. నన్ను తొడుక్కుని ఎవరూ నడవరు. వంకర పాదాలతో పుట్టిన పిల్లలు నిద్రపోయేటప్పుడే ఎక్కువగా నాకు పని.

సుమారు వెయ్యి మంది పిల్లల్లో ఒకరికి ఈ లోపం ఉంటుంది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో రెట్టింపు. దాదాపు సగం మందికి రెండు పాదాలూ వంకరే. మడమ పైకి లేచి, పాదం లోపలికి తిరిగిపోయి ఉంటుంది. కొందరికి ఐదో నెల స్కానింగులోనే తెలుస్తుంది. లేకపోతే పుట్టగానే కంటికి కనబడుతుంది. డాక్టరు పాదాన్ని చేత్తో మెల్లగా సరిచేసి చూస్తారు. సులువుగా తిన్నగా వస్తే, కడుపులో చోటు చాలక ఒదిగిన పాదం అన్నమాట. బిగుసుకుపోయి రాకపోతే క్లబ్‌ఫుట్. అప్పుడు వెన్ను, తుంటి కూడా పరీక్షిస్తారు.

నేను చేరిన ఇంట్లో నాయనమ్మ కోడల్ని ఒకటే మాట అనేది: "గ్రహణం పూట గడప దాటొద్దంటే విన్నావా?" ఆ తల్లి నా పట్టీలు బిగిస్తూ కళ్లు తుడుచుకునేది. నాకే నోరుంటే గట్టిగా అరిచి చెప్పేదాన్ని. గ్రహణానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. చాలామందిలో కారణం ఇదీ అని తేలదు, కొన్ని కుటుంబాల్లో వంశంలో వస్తుంది. తల్లి మీద నింద వేసినందువల్ల ఏ పాదమూ బాగుపడదు.

బాగుచేసే దారి చూపిన మహానుభావుడు ఇగ్నేషియో పోన్సేటి. 1914 జూన్ 3న స్పెయిన్‌లో పుట్టి, అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో పనిచేశాడు. పెద్ద ఆపరేషన్లు చేసిన పాదాలు పెద్దయ్యాక బిగుసుకుపోయి నొప్పెడుతున్నాయని గమనించాడు. పసిపాదం మెత్తనిది, కోయకుండానే మలచవచ్చని నమ్మాడు. 1963లో ఫలితాలు ప్రచురించినా ఏళ్ల తరబడి ఎక్కువమంది పట్టించుకోలేదు. నేడు ఆయన పుట్టినరోజే ప్రపంచ క్లబ్‌ఫుట్ దినం.

ఆ పద్ధతిలో వారం వారం పాదాన్ని కొంచెం సరిచేసి, వేళ్ల నుంచి తొడ దాకా సిమెంటు కట్టు వేస్తారు. మామూలుగా ఐదారు కట్లు సరిపోతాయి. చాలామందికి చివర్లో మడమ వెనక స్నాయువును చిన్న గాటుతో వదులు చేసి, మూడు వారాలు ఆఖరి కట్టు ఉంచుతారు. ఆ కట్టు విప్పాక నా వంతు. మొదటి మూడు నెలలు రోజుకు 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్లు వచ్చేదాకా నిద్రపోయేటప్పుడు.

నేను చేరిన ఆ ఇంట్లో మొదటి రాత్రులు బాబు ఏడ్చాడు. తల్లి మెత్తటి మేజోళ్లు వేసి, రెండు కాళ్లూ కలిపి ఆడించడం అలవాటు చేసింది. వాడు నాకు అలవాటుపడ్డాడు, తర్వాత నడక నేర్చాడు. అసలు గండం అప్పుడే వచ్చింది. "పాదం చక్కగా ఉందిగా, ఇంకా ఈ కడ్డీ ఎందుకు?" అని తండ్రి నన్ను అటక ఎక్కించబోయాడు. ఇంటికొచ్చిన ఆశా కార్యకర్త ఆపింది: "అన్నా, ఎదిగే పాదం మళ్లీ లోపలికి తిరుగుతుంది. తిరగబెట్టేది ఎక్కువగా బూట్లు మానేసిన పిల్లలకే." ఆ మాట నా ప్రాణం కాపాడింది, బాబు పాదాన్నీ కాపాడింది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అప్పుడే పుట్టిన బిడ్డలకూ, అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో ఉన్న పిల్లలకూ ఇలాంటి లోపాలు ఉన్నాయేమో చూస్తారు. ఉంటే జిల్లా కేంద్రానికి పంపి ఉచితంగా వైద్యం చేయిస్తారు.

తల్లిదండ్రులారా, బిడ్డ పాదం తేడాగా కనిపిస్తే మొదటి వారాల్లోనే చూపించండి. పాదం పెరిగి నేను ఇరుకైతే పెద్ద జత తీసుకోండి, డాక్టరు చాలనేదాకా మానకండి. పాదాన్ని సరిచేసేది డాక్టరు చెయ్యి. దాన్ని నిలబెట్టేది రాత్రి రాత్రికీ నా పట్టీ బిగించే మీ చెయ్యి.