ఉక్కు మనిషి, కారందోసె

గోవా ఐరన్‌మ్యాన్ 70.3 అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 సైకిలు, 21.1 పరుగు. ఆత్మకూరు కుర్రాళ్లకు ఈ అంకెలు కంఠతా వచ్చు. లక్ష్యం వాట్సాప్ స్టేటస్‌లో, సైకిలు ఈఎంఐలో ఉన్నాయి. ఈతే ఇంకా మొదలుకాలేదు. పక్కనే సోమశిల జలాశయమున్నా అమ్మ వద్దందట! (అమ్మ మాటే రైటు, ఒంటరిగా దిగే చోటు కాదది.)

ఉదయగిరి వీరులది ఇంకో వరస. అక్కడి దుర్గాన్ని ముట్టడించి 1514లో గెలవడానికి కృష్ణదేవరాయలకే ఏడాదికి పైగా పట్టింది. వీళ్ల ఐరన్‌మ్యాన్ ప్లాను ఆరు వారాలే! కొండ మొదట్లో సెల్ఫీ, ఆపైన కారందోసెతో ‘రికవరీ’.

అబ్బయా, ముందు ఈత నేర్పేవాళ్లున్న కొలనులో ఆగకుండా 100 మీటర్లు ఈదు. గోవా టికెట్టు తర్వాత కొనుక్కోవచ్చు.