అమెరికా కప్ప

మా ఇల్లు పాలంపేటలో ఉంది. కట్టినప్పుడు అది వరంగల్ జిల్లా. 2016లో జయశంకర్ భూపాలపల్లి జిల్లా అయింది. 2019లో ములుగు జిల్లా అయింది. గడప అంగుళం కదలకుండానే మేము మూడు జిల్లాల్లో కాపురం చేశాం. జిల్లాలు మారినా మారనిది వంటింట్లో సింకు కింది పైపొక్కటే. అది వరంగల్ జిల్లాలో కారడం మొదలుపెట్టి, భూపాలపల్లి జిల్లాలోనూ కారి, ఇప్పుడు ములుగు జిల్లాలో కారుతోంది.

నేను ముప్పై ఏండ్లు లెక్కలు చెప్పి రిటైరైన వాణ్ణి. కారే పైపు కనబడితే వేరేవాళ్లు పానా వెతుక్కుంటారు, నేను కాగితం వెతుక్కుంటాను. సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు వేసుకున్నా రోజుకు నాలుగు లీటర్ల పైచిలుకు. ఏడాదికి పదిహేను వందల లీటర్లు దాటుతుంది. మా మిద్దె మీది టాంకు వెయ్యి లీటర్లది. అంటే ఏటా టాంకున్నర నీళ్లు సింకు కిందనే పోతున్నాయి. ఈ సంగతి మా ఇంటామెకు చెబితే కాగితం వంక చూసి, "లెక్క మంచిగనే చేసినవు. ఇగ పానా పట్టు" అంది.

పానా పట్టడం సిలబస్‌లో లేదు. ఆమె ఒక స్టీలు గంజు తెచ్చి పైపు కింద పెట్టింది. పొద్దుగాల ఆ నీళ్లు తులసికోటలో పోస్తుంది. అక్కడితో లీకు సమస్య పోయి తులసిచెట్టుకు నీళ్ల వసతి అయింది. ఇద్దరం పదేళ్లు అట్లాగే అనుకున్నాం.

అనుకోనివాడు మా కొడుకు. వాడు డల్లాస్‌లో ఉంటాడు. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ అంతా గడ్డకట్టుకుపోయింది. కరెంటు పోయింది, ఇళ్లలో వెచ్చదనం పోయింది, గోడల లోపలి పైపుల్లో నీళ్లు మంచయ్యాయి. నీళ్లు మంచయితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. పైపు ఉబ్బదు, పగులుతుంది. గడ్డకట్టి ఉన్నన్ని రోజులు ఆ పగులు ఎవరికీ తెలియదు. మంచు కరిగాక తెలుస్తుంది. వాడి ఇంట్లో అట్లాగే తెలిసింది.

"బాపూ, ఇల్లు చెరువైంది" అని ఫోన్ చేశాడు.

"మత్తడి దుంకిందా?" అన్నాను నేను.

వాడు నవ్వలేదు. అక్కడి ఇండ్ల సంగతి తర్వాత చెబితే నాకూ నవ్వు రాలేదు. గోడలు జిప్సం పలకలు, నేల చెక్క, చెక్క మీద తివాచీ. నీళ్లు తగిలితే గోడ అప్పడంలా మెత్తబడుతుంది, చెక్క వంకర పోతుంది, రెండు రోజులు ఆలస్యమైతే బూజు పడుతుంది. మా ఇంట్లో బిందెడు నీళ్లు ఒలికితే షాబాదు బండల మీది నుంచి చీపురుతో తూముకు తోస్తాం, ఇల్లు కడిగినట్టూ ఉంటుంది. అక్కడ బిందెడు ఒలికితే ఇన్సూరెన్సు వాళ్లకు ఫోన్ చెయ్యాలి.

ఆ దెబ్బతో వాడు లీకు అలారాల భక్తుడయ్యాడు. మరుసటేడు డిసెంబరులో ఇంటికి వచ్చినప్పుడు అందరి కొడుకులు చాక్లెట్లూ బాదంపప్పూ తెస్తే, మావాడు నాలుగు తెల్లటి బిళ్లలు తెచ్చాడు. అరచేతిలో పట్టేంత ఉన్నాయి, గుండ్రంగా, కింద రెండేసి లోహపు మొనలతో. లోపల బ్యాటరీ. నేల మీద నీళ్లు చేరి ఆ రెండు మొనలనూ కలిపితే చాలు, సర్క్యూట్ పూర్తయి బిళ్ల ఒర్రుతుంది. అచ్చమైన నీళ్లలో కరెంటు సరిగ్గా పారదు గాని, మన నీళ్లలో అంత అచ్చమైనవి ఎక్కడున్నాయి? బోరు నీళ్లలో ఉండే లవణాలే తీగ పని చేస్తాయి. అంతే యంత్రం. పదో తరగతి పిల్లలు సైన్సు ఫెయిర్‌లో బల్బు బదులు బజర్ పెట్టి చేసేది ఇదే.

ఫారిన్ తెలివి ఆ పైన మొదలవుతుంది. బిళ్ల ఒర్రుతూనే ఇంట్లో వైఫైకి చెబుతుంది, వైఫై ఫోన్‌కు చెబుతుంది. ఎవరి ఫోన్‌కు? నాకు ఆ యాప్ కొరుకుడు పడదని తేల్చి మావాడు తన ఫోన్‌కే పెట్టుకున్నాడు. సింకు కింద ఒకటి, వాషింగ్ మిషన్ కింద ఒకటి, స్నానాల గది గడప దగ్గర ఒకటి, ముందర వాకిలి లోపల ఒకటి పెట్టి, జనవరిలో విమానమెక్కాడు.

ఇక మొదలైంది. మా ఇంటామె పొద్దుగాల వాకిట్లో సాంపి చల్లితే నాలుగు చుక్కలు గడప దాటి లోపల పడ్డాయి. బిళ్ల ఒర్రింది. డల్లాస్ నుంచి ఫోన్: "అమ్మా, ముందటింట్ల నీళ్లచ్చినయా?" ఆమె ఇల్లు తుడిస్తే ఫోన్. నేను స్నానం చేసి తడికాళ్లతో బయటికొస్తే ఫోన్. "బాపు ఇప్పుడే తానం చేసిండు కొడుకా" అని ఆమె ఫోన్లో చెబుతుంటే, ఇంత వయసొచ్చాక నా స్నానం మీద అమెరికా నిఘా పడిందే అనిపించింది. ఒకసారి మధ్యాహ్నం అలారం రాకపోయినా ఫోన్ వచ్చింది: "బాపూ, ఇయ్యాల తానం చెయ్యలేదా?"

ఒకనాడు రాత్రి రెండు గంటలకు సింకు కింద బిళ్ల ఒర్రింది. నేను కళ్లు తెరిచి, ఆమె లేస్తుందిలే అని మూశాను. లోకంలో అలారాలన్నిటికీ ఉన్న లోపం ఇదే. పక్కింటాయన టాంకుకు మాట్లాడే అలారం ఉంది. టాంకు నిండగానే ఒక ఆడగొంతు హిందీలో మోటరు బందు చెయ్యమని బతిమాలుతుంది. వాడంతా వింటుంది. ఎదురింటి మూడేళ్ల పిల్లకు ఆ నాలుగు ముక్కల హిందీ నోటికొచ్చింది. వినబడనిది ఒక్క పక్కింటాయనకే. నీళ్లు మిద్దె దిగి, గోడ దిగి, మా పెరట్లోని అరటిచెట్టును పెంచుతున్నాయి. గెల కోసినప్పుడు నీళ్ల వాటా అని ఒక అత్తం వాళ్లింటికి పంపుతాం.

నేను కళ్లు మూసుకుని ఉండగానే ఫోన్ మోగింది. డల్లాస్‌లో అప్పుడు మధ్యాహ్నం. మా వంటింటి నీళ్ల కబురు సముద్రాలు దాటి అమెరికా పోయి, అక్కడ మా కొడుకును ఆఫీసు మీటింగులోంచి లేపి, మళ్లీ సముద్రాలు దాటొచ్చి పక్క గదిలో పడుకున్న నన్ను లేపింది. లేచి చూస్తే సింకు కింద నీళ్లు లేవు. బిళ్ల మీద ఒక కప్ప కూర్చుని ఉంది. తడి కప్ప. దాని ఒంటి తడి కిందికి జారి సరిగ్గా రెండు మొనలనూ కలిపింది. పైది మూసిన నోటితో చూస్తోంది, కిందిది గొంతు చించుకుంటోంది. మా ఇంటామె వచ్చి చూసి, "ఏది ఒర్లుతాంది? పైదా, కిందిదా?" అంది. ఆనాటి నుంచి ఊళ్లో దానికి పేరు అమెరికా కప్ప.

నేను చిన్నప్పుడు ఈ పనికి ఊళ్లో మనిషి ఉండేవాడు. నీరటికాడు. వానకాలం రాత్రి గొంగడి కప్పుకుని, చేతిలో కట్టె పట్టుకుని చెరువు కట్ట మీద నడిచేవాడు. ఎక్కడ ఎండ్రకాయ బొక్క చేసిందో, ఎక్కడ ఎలుక తవ్విందో, కట్ట వెనక మట్టి ఎక్కడ చెమ్మగిల్లిందో చూసేవాడు. కట్టకు బుంగ పడేది ఒక్కసారిగా కాదు, ముందు చెమ్మ, తర్వాత చుక్క, ఆ తర్వాత ధార. చెమ్మ దగ్గరే మట్టిముద్ద కొట్టినవాడు నీరటికాడు. ధార దాకా ఆగితే ఊరంతా కూడినా ఆగదు. మత్తడి దుంకితే వాడే కేక వేసేవాడు, తూము ఎత్తేదీ దించేదీ వాడే. కల్లం మీద రైతులు వాడి పాలు వడ్లు కొలిచి ఇచ్చేవాళ్లు. వాడికి వైఫై లేదు, బ్యాటరీ లేదు. నిద్ర మాత్రం తక్కువ.

మా ఊరి చెరువు అల్లాటప్పా చెరువు కాదు మరి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో గుడి కట్టించి, పక్కనే చెరువూ తవ్వించాడు. గుడికీ చెరువుకూ రెంటికీ శిల్పి పేరే నిలిచింది, రామప్ప. గుడికి 2021 జులై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. చెరువుకు ఇప్పుడు దేవాదుల నుంచి గోదావరి నీళ్లూ వస్తున్నాయి. నిండితే పట్టేది రెండు టీఎంసీల తొమ్మిది వందల మిలియన్ ఘనపుటడుగుల దాకా. నాకు టీఎంసీ అంటే బుర్రకెక్కదు, టాంకుల్లో లెక్కేసుకున్నాను. మా మిద్దె మీది టాంకులు ఎనిమిది కోట్లు. ఎనిమిది కోట్ల టాంకుల పక్కన ఎనిమిది వందల ఏండ్లుగా నిద్రపోతున్న ఊరు మాది. సింకు కింద చుక్కకు భయపడమంటే ఎట్లా భయపడతాం?

మావాడు గుడి చూసి రావడానికి పోయినప్పుడు కూడా జేబులో ఒక బిళ్ల ఉంది. అక్కడ పెట్టకురా అన్నాను. రామప్ప గుడి పునాది కింద గొయ్యి తవ్వి ఇసుక నింపారు. ఆ ఇసుక భూమి అదిరినా బరువును కుదురుగా మోస్తుంది, దానికి తడి ఆరకూడదని ఇంజనీర్లు చెబుతారు. ఆ కింద అమెరికా కప్పను పెడితే 1213 నుంచి ఇప్పటిదాకా ఆగకుండా ఒర్రుతూనే ఉండేది. శిఖరం ఇటుకలు నీళ్లలో తేలేంత తేలికైనవి. కింద తడి కావాలని, పైన బరువు వద్దని ఆలోచించినవాడికి నీళ్లంటే ఏమిటో మనకంటే బాగా తెలుసు.

2023 జులై 26 రాత్రి నీళ్లంటే ఏమిటో మాకూ తెలిసింది. సాయంత్రం నుంచి వాన తెరిపి ఇవ్వలేదు. తొమ్మిదింటికే మా ఇంటామె బియ్యం బస్తా మంచం మీదికి ఎక్కించమంది. "అలారం ఇంకా మోగలేదు గదా" అన్నాను. "మోరీ చప్పుడు మారింది ఇనబడ్తలేదా?" అంది. నాకు వినబడలేదు. బస్తా ఎక్కించాను. అర్ధరాత్రి దాటాక గడప కింద నుంచి నీళ్లొచ్చాయి, నాలుగు కప్పలూ ఒక్కసారే ఎత్తుకున్నాయి. వాన హోరులో వాటి గొంతు పెళ్లి పందిట్లో ముసలమ్మ దగ్గులా ఉంది. కరెంటు పోయింది, దాంతో వైఫై పోయింది. డల్లాస్‌కు కబురు లేదు. ఆ ఒక్క రాత్రి మావాడు నిశ్చింతగా ఆఫీసు పని చేసుకున్నాడు.

తెల్లారాక తెలిసింది. మా వెంకటాపూర్ మండలంలోని లక్ష్మీదేవిపేటలోనే ఇరవై నాలుగు గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన. తెలంగాణలో అంతకుముందు రికార్డు 2013లో వాజేడులో పడిన 517.5. మా డాబా వెయ్యి చదరపుటడుగులు. దాని మీద అంత వాన పడితే అరవై వేల లీటర్లు, అంటే అరవై టాంకులు. ఆ లెక్క వేసిన కాగితాన్ని మాత్రం నేనెవరికీ చూపించలేదు. ఎందుకంటే ఆ పొద్దున్నే పక్క జిల్లా మోరంచపల్లిలో వాగు ఊరి మీద పడి, జనం మిద్దెలెక్కి, చెట్లెక్కి కూర్చున్నారు. హెలికాప్టర్లూ పడవలూ వచ్చి దింపాయి. ప్రాణాలు కూడా పోయాయి. వాగు వస్తున్నదని అర్ధరాత్రి కేక వేసే మనిషి విలువ ఎంతో ఆ రోజు టీవీ ముందు కూర్చున్న ప్రతివాడికీ అర్థమైంది.

ఆ తర్వాత అమెరికా కప్పల మీద మోజు తగ్గింది. ఒకటి కోతి ఎత్తుకుపోయింది. చింతచెట్టెక్కి కొరికి చూసి, రుచి లేదని కిందికి విసిరింది. రెండింటికి బ్యాటరీ అయిపోయింది. సింకు కిందిదొక్కటే మిగిలింది.

మిరపకాయలు ఎండబోసే కాలంలో దానికి యోగం పట్టింది. మా ఇంటి పక్క ఖాళీ జాగాలో ఒక రైతు కల్లం చేసి కాయలు పరిచాడు. ఎర్రటి జంబుఖానా పరిచినట్టుంది. ఏడాది చాకిరీ, అప్పు, పిల్ల పెండ్లి అన్నీ ఆ ఎరుపులోనే ఉన్నాయి. ఒక్క చెడగొట్టు వాన పడితే కాయ రంగు పోతుంది, రంగు పోతే రేటు పోతుంది. మబ్బు పట్టిన నాడు ఆయన వచ్చి, "సారూ, మీ అమెరికా కప్పను రెండు రోజులు ఇస్తరా?" అన్నాడు. బిళ్లను బోర్లా తిప్పి, మొనలు ఆకాశానికి చూపించి, కల్లం అంచున రాయి మీద పెట్టాడు. ముప్పై ఏండ్లు సర్క్యూట్ల పక్క గదిలో పాఠం చెప్పిన నాకు ఆ తిప్పడం తట్టలేదు.

తెల్లవారుజామున మూడింటికి మొదటి చినుకుకే అది ఒర్రింది. ఇంకెవరో లేస్తారులే అని ఎవరూ కళ్లు మూయలేదు. రైతు లేచాడు, భార్య లేచింది, వాడంతా లేచింది. పరదాలు పట్టుకుని నాలుగు మూలలకూ ఉరికారు. ఏ మోటరు కేకకూ కదలని పక్కింటాయన అందరికన్నా ముందు లుంగీ ఎగ్గట్టి వచ్చాడు. నేనూ ఒక మూల పట్టాను. వాన జోరందుకునేసరికి ఒక్క కాయ బయట లేదు.

ఫోన్ మోగింది. "బాపూ, వంటింట్ల నీళ్లా?"

"కాదురా, మిరపకల్లంల."

"ఎవలన్న లేచిండ్రా మరి?"

"అందరం లేచినం" అన్నాను. ఆ గొప్పతనం నాదే అన్నట్టు చెప్పుకుంటూ ఇంట్లోకి వచ్చాను.

వంటింట్లో అడుగు పెడితే కాలు జారింది. సింకు కింద గంజు నిండి పొర్లుతోంది. ముందటి రోజు పొద్దుగాల దాన్ని పారబోయడం మా ఇంటామె మరిచిపోయింది. మోగడానికి అక్కడ కప్ప లేదు, అది కల్లంలో డ్యూటీ మీద ఉంది. ఆమె నీళ్లను చూసింది, నన్ను చూసింది, ఏమీ అనలేదు. అటక మీది డబ్బాలోంచి పానా తీసి నా చేతిలో పెట్టింది.

దాన్ని ఎటు తిప్పాలో ఇప్పుడు లెక్క వేస్తున్నాను.