డిఫాల్ట్ ఫాంట్ సూత్రానికి కురుడుమలె టీక

అవతారిక: టీక రాసేవాడు ముందు విఘ్నేశ్వరుడికి దణ్ణం పెట్టుకోవాలి. కోలారు జిల్లా ముళబాగిలు తాలూకా కురుడుమలెలో ఆ పని సులువు. 13 అడుగుల పైచిలుకు ఏకశిలా వినాయకుడు ఊళ్లోనే ఉన్నాడు. 1999లో ఎస్.ఎం.కృష్ణ ఎన్నికల పాంచజన్య యాత్ర ఇక్కణ్ణుంచే కదిలింది, ఆయన కర్ణాటక ముఖ్యమంత్రీ అయ్యాడు. మన పని అంతకంటే చిన్నది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచే సీమ ఇది. ఇక్కడొకరు పూజల పట్టికను మైక్రోసాఫ్ట్ అక్సెస్‌లో పెట్టుకుని, పేరు కన్నడ లిపిలో, పక్క గడిలో గోత్రం తెలుగులో ఎక్కించారనుకుందాం. అక్షరాలు నలుసుల్లా కనిపిస్తున్నాయి. ఫాంట్ మార్చాలి.

మూలం: టూల్స్ – ఆప్షన్స్ – డేటాషీట్ – డిఫాల్ట్ ఫాంట్. (అక్సెస్ 2003 ప్రతి)

పాఠాంతరం: 2007 ప్రతిలో ‘టూల్స్’ లోపించింది. ఆఫీస్ బటన్ నొక్కి అక్సెస్ ఆప్షన్స్‌లోకి దిగాలి. ఫాంటు విషయంలో పాత ప్రతి ఏరియల్ అంటుంది, కొత్తది కాలిబ్రి అంటుంది. ఈ పాఠభేదం మీద తగవు పడనక్కర్లేదు, రెండింట్లోనూ తెలుగు అక్షరం ఒక్కటీ లేదు.

ఆక్షేపం: లేకపోతే గోత్రం తెరమీద ఎలా కనబడుతోంది? సమాధానం: ఏరియల్‌లో దొరకని అక్షరాన్ని విండోస్ వేరే ఫాంటులో వెతికి తెస్తుంది. ఎక్స్‌పీ కాలంలో తెలుగుకు గౌతమి, కన్నడానికి తుంగ వచ్చి ఆదుకునేవి. అక్షరం వచ్చింది గానీ, వరుస ఎత్తు మాత్రం ఇంగ్లీషు కొలతకే సరిపోయి ఉంటే ‘శ్రీవత్స’ కింద ర వత్తూ స వత్తూ గీత కిందికి పోయి తెగుతాయి. పాత ప్రతి ఫార్మాట్ మెనూలో రో హైట్ పెంచితే వత్తులు బయటపడతాయి. చాలామంది ఫాంటును తిట్టి ఊరుకుంటారు, దోషం ఎత్తుది.

సరే, ఏ ఫాంటు పెట్టాలి? డేటాషీట్‌లో ఫాంటు పట్టిక మొత్తానికీ ఒక్కటే, నిలువు వరుసకొకటి కుదరదు. గౌతమి పెడితే కన్నడం పరాయిది, తుంగ పెడితే తెలుగు పరాయిది. 2012లో విండోస్ 8తో వచ్చిన నిర్మలా యూఐలో రెండు లిపులూ ఉన్నాయి. కోలారు జిల్లాకు చేసిపెట్టినట్టుంది. యూనికోడ్‌లోనూ ఈ రెండు లిపులు ఇరుగుపొరుగులే: తెలుగు ‘అ’ సంఖ్య 3077, కన్నడ ‘అ’ 3205. ‘క’ అయితే 3093, 3221. వాడుకలోని అక్షరాల్లో తేడా ఎక్కడ చూసినా 128.

మరో ఆక్షేపం: డిఫాల్ట్ మార్చినా పాత పట్టిక ఒకటి మారలేదేం? దీనికి వ్యాకరణంలో జవాబుంది. సామాన్య విధిని విశేష విధి బాధిస్తుంది. డిఫాల్ట్ అంటే ఎవరూ ఏమీ చెప్పనప్పుడు చెల్లే మాట. ఎప్పుడో ఎవరో ఆ పట్టిక తెరిచి, దానికి విడిగా ఫాంటు ఇచ్చి, మూసేటప్పుడు ‘లేఅవుట్ సేవ్ చేయాలా’ అంటే అవునన్నారు. ఆ అవునే విశేష విధి. పాణినీయులు ఉత్సర్గం, అపవాదం అని వాదించుకున్నదంతా ఇక్కడ ఒక చిన్న డైలాగ్ బాక్సులో ఇమిడింది. చిక్కల్లా ‘అవును’ నొక్కినవారికి అది గుర్తుండకపోవడమే. ఆ పట్టికనే తెరిచి మళ్లీ మార్చి సేవ్ చేయాలి.

నిషేధం: పాత కన్నడ ‘నుడి’ ఫాంటులోనో, డీటీపీ వాళ్ల తెలుగు ‘అను’ ఫాంటులోనో ఎక్కించిన పట్టిక జోలికి పోరాదు. యూనికోడ్ పాఠానికి ఫాంటు మార్చడం చొక్కా మార్చడం. వీటికి ఫాంటే ఒళ్లు. లోపల దాచినవి ఇంగ్లీషు అక్షరాల సంకేతాలే కనుక ఏరియల్ పెట్టగానే భక్తుల పేర్లన్నీ పిచ్చిగీతలవుతాయి. కంగారు పడి తిరిగి టైపు చేయకండి. పాత ఫాంటు పెడితే పేర్లు వెనక్కొస్తాయి. శాశ్వతంగా యూనికోడ్‌లోకి తేవాలంటే కన్వర్టర్ కావాలి.

విశేషం: డిఫాల్ట్ ఫైలులో ఉండదు, కంప్యూటరులో ఉంటుంది. పట్టికను పెన్‌డ్రైవులో వేసుకుని ముళబాగిలు వెళితే అక్కడి యంత్రం తన డిఫాల్ట్‌లోనే చూపిస్తుంది. పట్టికకు విడిగా ఇచ్చిన ఫాంటు పేరు మాత్రం వెంట వెళ్తుంది. ఆ ఫాంటు అక్కడ లేకపోతే విండోస్ తనకు తోచినది తొడుగుతుంది.