కుప్పా, సంచులూ: ఒక ఆర్మూరు వాక్యానికి టీకా తాత్పర్యం

కాళిదాసు కావ్యాలకు సంజీవని వ్యాఖ్య రాసిన మల్లినాథసూరిది మెదక్ జిల్లా కొల్చారం. మా ఆర్మూరులో పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్న భోజనానికి అందుకునే దూరం. మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోను. నా మూలం మొత్తం కలిపి ఐదారు మాటలు, సంపాదకుడు అడిగింది రెండు పేజీలు.

మూలము

టీవీ జూసెటోళ్లు కుప్పైతరు,
గేమాడెటోళ్లు మూతిగుట్టిన సంచులైతరు.

అవతారిక

ఈ వాక్యం 2020 ఫిబ్రవరిలో, పసుపు తవ్వకం సగంలో ఉండగా, మా పెద్దమ్మ నోట వెలువడింది. ఆమె ఒళ్లో చాట, చాటలో తునికాకు, జర్దా, పక్కన కత్తెర. ఎదురుగా టీవీలో ఏడున్నర సీరియల్, కార్తీకదీపం. చుట్టూ వాడకట్టు ఆడవాళ్లు ఏడెనిమిది మంది, ఎవరి చాట వాళ్లది. మూలకు మనవడు, వాడి చేతిలో ఫోను, ఫోనులో పబ్జీ.

వాడు ఉన్నట్టుండి "సచ్చిన, సచ్చిన, లేపుర్రి నన్ను!" అని అరిచాడు.

పెద్దమ్మ టీవీ మీంచి చూపు తిప్పకుండానే, "ఏడ సచ్చినవురా, గీడనే ఉన్నవ్ గద" అంది.

నేను ఊరుకోలేక అడిగాను. "పెద్దమ్మా, గా ఆట దేశంల కోట్ల మంది ఆడుతున్నరట. నీ సీరియల్‌కేమో వాడకట్టంత జమైతది. వాని ఆటకు పక్కింటోడు గూడ రాడు. ఎందుకంటవ్?"

పెద్దమ్మ బీడీకి దారం చుట్టి, కొన గిల్లి, పై వాక్యం అంది. అని మళ్లీ సీరియల్ నాయిక వంటలక్క కష్టంలో పడిపోయింది.

పాఠాంతరాలు

పెర్కిట్ ప్రతిలో "కుప్పైతరు" బదులు "గుంపైతరు" అని ఉంది. అర్థం చెడలేదు, అందం చెడింది. అంకాపూర్ ప్రతిలో "టీవీ జూసెటోళ్లు కూరైతరు" అని కనిపిస్తుంది. అంకాపూరు నాటుకోడి కూరకు పేరుమోసిన ఊరు కనుక లేఖకుడు ఆకలి మీద ఉన్నాడని పండితులు. ఇందూరు (నిజామాబాద్) మార్కెట్ యార్డు ప్రతిలో "గేమాడెటోళ్లు" కాస్తా "గేమడ్తిదార్లు" అయింది. యార్డులో కూర్చుని రాసేవాడికి అడ్తిదారు తప్ప ఇంకెవడు కనబడతాడు? ఈ మూడూ త్యాజ్యాలు.

ప్రతిపదార్థము

టీవీ = దూరదర్శిని. ఇక్కడ లక్షణావృత్తి చేత సీరియలు అని అర్థం. వార్తలకు కుప్ప కట్టిన దాఖలా పెద్దమ్మ ఇంట్లో లేదు.

జూసెటోళ్లు = చూసేవాళ్లు. ఇక్కడ కొంచెం ఆగాలి, వాక్యానికి ఆయువుపట్టు ఇదే.

చూడడానికి ఏమి కావాలి? కళ్లూ చెవులూ. ఒక్కోసారి చెవులు చాలు. పెద్దమ్మ బీడీ మీద కళ్లు పెట్టి, సంగీతం మారగానే విలన్ రాకను పసిగట్టి "మోనిత వచ్చింది" అని చెప్పగలదు. చేతులతో టీవీకి పనిలేదు. అవి తునికాకు కత్తిరించుకోవచ్చు, పసుపు మండ నుంచి కొమ్ములు విరుచుకోవచ్చు, మక్కకంకి వొలుచుకోవచ్చు. వెయ్యి బీడీల లెక్క మీద కూలి వచ్చే ఇంట్లో చేతుల్ని అడగని వినోదం ఒక్కటే వినోదం. మా వైపు బీడీలు చేసే ఇళ్లలో టీవీ ఆగకుండా మోగుతుందంటే అది సోమరితనం కాదు, పని సరంజామాలో అదీ ఒక భాగం.

ఆటకు ముందు చేతులే కావాలి. రెండు బొటనవేళ్లూ తెర మీద ఉండాలి, పొడిగా ఉండాలి. పసుపు పట్టిన వేలు, జర్దా అంటిన వేలు అద్దం మీద పనికిరావు. అంటే ఆర్మూరులో పొద్దంతా కష్టం చేసే సగం జనాన్ని ఆట గడపలోనే ఆపేసింది. మిగిలిన సగంలోనూ పనిలేని వయసువాళ్లకే పిలుపు. దీనికి తోడు, సీరియల్ మధ్యలో వచ్చి కూర్చున్న చుట్టానికి "ఆమె మొగడు అనుమానిస్తుండు" అని ఒక్కమాట చెబితే కథ పట్టుబడుతుంది. ఆటలోకి కొత్తవాడు దిగితే పారాచూట్ విప్పుకునే లోపల ఎవడో కాల్చేస్తాడు. వారం రోజులు అలా చస్తూ ఉంటే తప్ప చదువు రాదు.

కుప్పైతరు = కుప్ప అవుతారు. కుప్ప అనగా యార్డులో నేల మీద పోసిన పసుపు రాశి. పోసినంక దాన్ని ఎవరైనా ముట్టుకోవచ్చు. కొనేవాడు, కొననివాడు, బస్సుకు టైముందని లోపలికొచ్చినవాడు, అందరూ ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి లోపలి రంగు చూసి ఒక అభిప్రాయం పడేసి పోతారు. సీరియలూ అంతే. రాత్రి ఏడున్నరకు అందరి ముందూ ఒకే రాశి పడుతుంది. తెల్లారి బోరింగు దగ్గర, కార్ఖానాలో, ఆటోలో, ప్రతివారూ ఒక కొమ్ము విరుస్తారు.

కార్తీకదీపం 2017 నుంచి 2023 దాకా, 1,500 ఎపిసోడ్లు దాటి నడిచింది. వంటలక్కను అనుమానించే మొగుడు డాక్టర్ బాబు ఒక్కసారి డీఎన్ఏ పరీక్ష చేయిస్తే కథ ఒక్క వారంలో ముగిసేది. ఈ సంగతి తెలుగు రాష్ట్రాల్లో డాక్టర్ బాబుకు తప్ప అందరికీ తెలుసు. కానీ ప్రేక్షకురాలు ఏమి చేయగలదు? తెరలోకి చెయ్యి పెట్టి ఆ సూది గుచ్చలేదు. అందుకే మాట్లాడుతుంది. పక్కామెతో, ఎదురింటామెతో, దుబాయి నుంచి ఫోన్ చేసిన కొడుకుతో కూడా. చెయ్యి ఆడని చోట నోరు ఆడుతుంది, నోళ్లు ఆడిన చోట కుప్ప పడుతుంది. ఆటలో అన్యాయం జరిగితే పోరడు మీట నొక్కి న్యాయం చేసుకుంటాడు, లేదా చచ్చి మళ్లీ మొదలుపెడతాడు. పక్కింటివాడితో చర్చించాల్సిన బాకీ ఏమీ మిగలదు.

(కుప్ప కట్టడం మా వైపు వాళ్లకు ఒకరు నేర్పాల్సిన విద్య కాదు. 2019లో పసుపు బోర్డు కోసం, మద్దతు ధర కోసం రైతులు వరసగా నామినేషన్లు వేస్తే నిజామాబాద్ లోక్‌సభ బరిలో 185 మంది తేలారు, ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఈవీఎంలు పేర్చాల్సి వచ్చింది. బోర్డు 2025 జనవరిలో వచ్చింది. ప్రకృతంలో ఇది అప్రస్తుతం, అయినా చెప్పకుండా ఉండలేను.)

గేము = ఆట. తెలుగులో ఆట అనే మాట ఉండగా పెద్దమ్మ గేము అనడం బుద్ధిపూర్వకమే. కబడ్డీ, చిర్రగోనె ఆటలు. వాటికి గట్టు మీద చూసేవాళ్లుంటారు. గట్టు లేనిది గేము.

గట్టు ఒకప్పుడు ఉండేది. పట్నాల్లో వీడియో గేమ్ పార్లర్లు ఉన్న కాలంలో రూపాయి బిళ్ల వేసి ఆడేవాడు ఒక్కడు, వాడి వెనక నిలబడి ఊపిరి బిగబట్టేవాళ్లు ఐదుగురు. రూపాయి లేని ఆ ఐదుగురే ఆ ఆటకు నిజమైన అభిమానులు. సెలవుల్లో టీవీకి తగిలించే క్యాసెట్ ఆట వచ్చాక కూడా మారియో దూకుతుంటే వెనక మంచం మీద నలుగురుండేవారు, వంతు కోసం కొట్లాట ఉండేది. తెర ఆరంగుళాలై అరచేతిలోకి వచ్చేసరికి వెనక నిలబడే చోటు పోయింది. వంతు పోయింది. కొట్లాట పోయింది.

ఆడెటోళ్లు = ఆడేవాళ్లు. చూసేవాడికి నాయకుడు వేరే ఉంటాడు, వాడికి జేజేలు కొట్టాలి. ఆడేవాడు తానే నాయకుడు. తనకు తాను కటౌట్ కట్టి పాలు పోసుకునేవాడు ఇంకా పుట్టలేదు.

మూతిగుట్టిన = దబ్బనంతో, సుతిలితో మూతి కుట్టేసిన. పబ్జీలో 100 మంది ఒక దీవి మీద దిగుతారు, నలుగురు నలుగురు ఒక జట్టు, చివరికి ఒక జట్టే మిగులుతుంది. అరగంటలో ముగిసే ఆ కథ ఇంకెక్కడా మళ్లీ అలా జరగదు. ఆ నలుగురికి తప్ప దాన్ని చూసిన సాక్షి లేడు. మర్నాడు మనవడు దాన్ని చెప్పబోతే రాత్రి వచ్చిన కల చెప్పినట్టుంటుంది, చెప్పేవాడికి గుండెదడ, వినేవాడికి ఆవులింత. పైగా చెవుల్లో ఇయర్‌ఫోన్లు. జట్టులోవాళ్లతో మనవడు మాట్లాడేది హిందీ. పెద్దమ్మ చెవిన పడే ఒకటి రెండు ముక్కలు కూడా ఆమె భాషవి కావు. వంటలక్క ఏ సీమ నుంచి వచ్చినా ఆర్మూరు వాకిట్లో తెలుగే మాట్లాడుతుంది.

సంచులు = గోనెసంచులు. కుప్ప ఏకవచనం, సంచులు బహువచనం. పెద్దమ్మ వ్యాకరణం చదవలేదు కానీ వచనం తప్పలేదు. ఏడెనిమిది మంది చూస్తే ఒకటయ్యారు, నలుగురు ఆడితే నాలుగయ్యారు.

ఐతరు = అవుతారు. తక్కినదంతా స్పష్టం.

పూర్వపక్షము

కొందరు ఇలా ఆక్షేపిస్తారు: ఆటల వ్యాపారం ప్రపంచంలో సినిమా హాళ్ల వసూళ్లను ఎప్పుడో దాటేసింది, మరి చిన్నదెలా అయింది? దీనికి సమాధానం: సంచులు లక్ష ఉన్నా కుప్ప లేకపోవచ్చు. తూకం వేరు, రాశి వేరు. యార్డులో తూకమేసే దడ్వాయిని అడగండి.

ఇంకొకరు కొరియాను చూపిస్తారు. అక్కడ స్టార్‌క్రాఫ్ట్ అనే ఆట 1998లో వచ్చింది, 2004లో బూసాన్ సముద్రపొడ్డున దాని పోటీ ఫైనల్‌కు లక్షమంది వచ్చారని చెబుతారు. 2014లో సియోల్ ప్రపంచకప్ స్టేడియంలో మరో ఆట ఫైనల్‌కు 40,000 మంది కూర్చున్నారు. ఇది గట్టి ఆక్షేపణే. అయితే ఆ లక్షమందిలో ఎంతమంది చేతిలో మౌసు ఉంది? కొరియావాళ్లు 2000లోనే ఆటల కోసం ప్రత్యేకంగా కేబుల్ చానల్ పెట్టారు, వ్యాఖ్యాతల్ని పెట్టారు, ఆటగాళ్లను హీరోలను చేశారు. అంటే ఆటను సీరియల్ చేశారు. మూతి కోసి నేల మీద గుమ్మరిస్తే సంచిలోని పసుపూ కుప్పే అవుతుంది. కొరియా పెద్దమ్మ మాట కాదనలేదు కదా, కాస్త ముందుకు తీసుకుపోయింది.

క్రికెట్ 07 సంగతి కూడా అలాంటిదే. 2006లో వచ్చిన ఆ ఆటను చేసిన కంపెనీయే వదిలేస్తే, మన దేశపు పిల్లలు దానిలో ఐపీఎల్ జట్లనూ కొత్త జెర్సీలనూ తామే చేర్చుకుంటూ ఏళ్ల తరబడి బతికించుకున్నారు. ఆట చుట్టూ కుప్ప పడిన అరుదైన చోటు అది. కారణం వెదికితే మళ్లీ టీవీయే: అందరూ కలిసి చూసిన మ్యాచే అందులో ఉంది.

కుప్ప అయితే మంచిదేనా అని మూడో ఆక్షేపణ. కాదు. 2018లో రెండో తెలుగు బిగ్ బాస్ జరిగినప్పుడు పోటీదారు కౌశల్ కోసం కౌశల్ ఆర్మీ పేరుతో జనం హైదరాబాదులో రోడ్డెక్కి నడిచారు. అక్కడిదాకా ముచ్చటే. 2023 డిసెంబరులో ఏడో సీజన్ ఫైనల్ రాత్రి స్టూడియో బయట అభిమానులు ఆర్టీసీ బస్సుల అద్దాలు పగలగొట్టారు. చూస్తూ ఊరుకోవాల్సిన చేతులు ఊరుకోకపోతే అలా ఉంటుంది. ఆడేవాడు తెరలో వందమందిని కాల్చినా బస్సు జోలికి పోడు, వాడి చేతులకు తీరికెక్కడిది?

నాలుగోది నాకు నేనే వేసుకునే ఆక్షేపణ, దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఇప్పుడు పెద్దమ్మ కోడలు పెద్దమ్మ చూసే సీరియల్‌నే ఫోనులో, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, తీరినప్పుడు చూస్తుంది. టీవీ కూడా సంచిలోకి దిగుతోంది. అయినా ఆమె చూసింది, పెద్దమ్మ చూసింది ఒకే ఎపిసోడ్. కలిసి పోయకపోయినా ఒకే చేను పసుపు. ప్రస్తుతానికి అంతవరకే చెప్పగలను.

ఉదాహరణ

అదే 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. సీరియళ్ల షూటింగులు ఆగాయి. దూరదర్శన్ 1987 నాటి రామాయణాన్ని మళ్లీ వేసింది. ముప్పై ఏళ్లు దాటిన కథ, ఎప్పుడు ఎవరు ఏమంటారో అందరికీ తెలిసిన కథ. టీవీ ఉన్న ఇల్లు వాడకు ఒకటే ఉన్న రోజుల్లో చాప పరుచుకుని చూసిన పెద్దమ్మ, ఈసారి మూతికి కొంగు కట్టుకుని చూసింది. గోడ అవతలి నుంచి పక్కింటామె "కుంభకర్ణుడు లేచిండా?" అని అడిగింది. కుప్ప మళ్లీ పడింది, మధ్యలో గోడ ఉన్నా.

సెప్టెంబరు 2న ప్రభుత్వం పబ్జీని నిషేధించింది. రెండేళ్లుగా రోజూ రాత్రి కలిసి చచ్చి కలిసి లేచిన ముగ్గురూ మనవడికి దొరకలేదు. ఒకడిది సాంగ్లి అని మాత్రం తెలుసు, మా పసుపు లారీలెక్కి పోయే సాంగ్లియే. పేరు అడిగితే అంకెలూ గీతలూ కలిసిన ఏదో చెప్పాడు. అది పేరు కాదురా అంటే, వాడు నన్ను జాలిగా చూశాడు. తర్వాత ఆ ఆట వేరే పేరుతో 2021లో వచ్చింది, మళ్లీ పోయింది, మళ్లీ వచ్చింది. సాంగ్లివాడు మాత్రం రాలేదు. మూతిగుట్టిన సంచి అన్న మాటలో పెద్దమ్మ ఎగతాళి ఉందనుకున్నాను కానీ, ఆ రోజు వాడి ముఖం చూశాక అందులో ఎంత సరుకు ఉండేదో కొంచెం తెలిసింది.

వ్యాకరణ విశేషాలు

గేము + ఆడెటోళ్లు, సంచులు + ఐతరు: రెండూ ఉత్వసంధులే. మొదటిదానిలో ఆంగ్లపదానికీ తెనుగు క్రియకూ సంధి కుదిరింది. నానమ్మకూ మనవడికీ కుదరలేదు. అలంకారం రూపకం.

తాత్పర్యము

చేతులకు పని చెప్పని వినోదం పదిమందిని పోగుచేస్తుంది, చేతుల్ని పట్టేసుకునే వినోదం ఎవరికివారిని చేస్తుంది.

ఇది రాసుకుని మొన్న ఆర్మూరు పోయి ఇద్దరికీ చదివి వినిపించాను. మనవడు, ఇప్పుడు మీసాలొచ్చినవాడు, మొదటి పేరా దగ్గరే ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాడు. పెద్దమ్మ చాట మీద తలవంచి ఆకు కత్తిరిస్తూ, చుడుతూ, దారం కడుతూ ఆసాంతం విన్నది. కాగితాలు మడుస్తుంటే తలెత్తింది.

"నువ్వు సదివినంత సేపట్ల ఒక కట్ట అయ్యింది బిడ్డా. ఇంకేమన్న ఉంటె సదువు."